అయిదుసార్లూ నూట ఇరవై బై ఎనభై

మా మేనకోడలు ఈమధ్యనే ఒక ఏఎన్‌ఎం ట్రైనింగు స్కూల్లో ట్యూటరుగా చేరింది. చేరిన వారానికే ఫోను చేసి, "అత్తా, పిల్లల కేస్ బుక్కులు తెచ్చి నా బల్ల మీద పెట్టినారు. వీటికి మార్కులెట్టా వేసేది?" అని అడిగింది. అక్షరం చూడు, పట్టికలు నిండాయేమో చూడు, సంతకం పెట్టు అని చెప్పేసి ఫోను పెట్టెయ్యవచ్చు. నాకు అలాగే చెప్పారు. కానీ నోరు రాలేదు. రాసి పంపిస్తానన్నాను.

నేను ఆత్మకూరులో ఇలాంటి స్కూల్లోనే పనిచేసి రిటైరయ్యాను. ఎప్పుడు చేరానో, ఏ ప్రమోషను ఎప్పుడొచ్చిందో సర్వీసు రిజిస్టరులో ఉంటుంది. దానివల్ల ఎవరికీ ఉపయోగం లేదు. తొంభైలలో కొద్ది రోజుల పాటు నన్ను పట్టుకుని వణికించిన ఒక సంగతి మాత్రం చెబుతాను. పుస్తకాలు దిద్దడమంటే ఏమిటో నాకు ఆ రోజుల్లోనే తెలిసింది.

కేస్ బుక్ అంటే

పదో తరగతి పాసైన ఆడపిల్లలు మా దగ్గర ఏడాదిన్నర చదివేవాళ్ళు. చివరి నెలల్లో వాళ్ళను పల్లెలకు పంపేవాళ్ళం. దుత్తలూరు, కొండాపురం, ఉదయగిరి చుట్టుపక్కల ఊళ్ళలో ఒక్కో అమ్మాయికి ఒక్కో గర్భిణిని అప్పగించేవాళ్ళం. ఆ అమ్మాయి అయిదుసార్లు ఆ ఇంటికి వెళ్ళాలి. ప్రతిసారీ బీపీ చూడాలి, మూత్రం పరీక్ష చెయ్యాలి, కాళ్ళు చేతులు వాచాయేమో నొక్కి చూడాలి. ఇల్లు, నీళ్ళు, తిండి, ఆచారాలు అన్నీ కనుక్కుని ఒక లాంగ్ నోట్‌బుక్కులో రాయాలి. దానికి యాభై మార్కులు. దిద్దేది నేను.

ఆ యాభైలో దేనికెన్ని అన్నది మా ప్రిన్సిపాల్ నిర్ణయించింది. ఆమెను అందరం పెద్ద మేడమ్ అనేవాళ్ళం. గంజి పెట్టిన తెల్లచీర మడత నలగకుండా రోజంతా ఉండేది. ఆమె మెట్లెక్కుతున్న చప్పుడు వింటే నాకు పెన్ను పట్టుకున్న వేళ్ళు బిగుసుకుపోయేవి. "పుస్తకం శుభ్రంగా ఉంటే పని శుభ్రంగా ఉన్నట్టే" అనేది. అక్షరానికి పది, బొమ్మలకు పది, పట్టికలు ఖాళీ లేకుండా నింపినందుకు పది. కొట్టివేతకు ఒక మార్కు కోత.

నేను నమ్మాను. నమ్మడమే కాదు, ఒక బ్యాచ్‌లో బాగా కుదిరిన పుస్తకాన్ని క్లాసులో ఎత్తి చూపించి, "ఇట్లా ఉండాలి" అన్నాను. అందులో ఇంటి ప్లానుకు రంగు పెన్సిళ్ళతో నీడలు కూడా వేసి ఉన్నాయి. బీపీ గడిలో అయిదుసార్లూ నూట ఇరవై బై ఎనభై. ఆ తర్వాతి బ్యాచ్ పుస్తకాలన్నీ అలాగే వచ్చాయి. పిల్లలు మెరుగయ్యారని నేను సంతోషపడ్డాను. బతికి ఉన్న మనిషి రక్తపోటు నెలన్నర పాటు ఒక్క గీత కూడా అటూ ఇటూ కదలకుండా ఉంటుందా అన్న ప్రశ్న నాకు రాలేదు. నర్సింగు చదివినదాన్నే, వార్డుల్లో చేసినదాన్నే. అయినా రాలేదు.

ఇంకొక తప్పు కూడా చేశాను. మార్తమ్మ అని ఒక అమ్మాయి. పల్లె నుంచి తిరిగొచ్చి, బీపీ మిషన్ గాజు గొట్టం పగిలిందని నిజం చెప్పింది. ఇన్‌స్పెక్షన్ దగ్గర పడుతోంది. పెద్ద మేడమ్ నన్నేమంటుందోనన్న భయంతో నేను ఆ పిల్లను ఆ పగిలిన మిషన్ చేతిలో పట్టించి, వరండాలో సాయంత్రం దాకా నిలబెట్టాను. వచ్చేపోయే ప్రతి అమ్మాయీ చూసింది. మార్తమ్మ ఏడవలేదు, మెడ వంచుకుని నిలబడింది. దాన్ని క్రమశిక్షణ అనుకున్నాను.

ఆచారాల పేజీ

మరుసటి బ్యాచ్‌లో విమల అనే అమ్మాయి ఉండేది. నెమ్మదస్తురాలు, అడిగితేనే మాట్లాడేది. ఆమె కేసు దుత్తలూరు పక్క పల్లెలో రవణమ్మ అనే తొలిచూలు పిల్ల. పుస్తకాలు వచ్చి నా బల్ల మీద తొమ్మిది రోజులున్నాయి. ఇన్‌స్పెక్షన్ హడావిడిలో ముట్టుకోలేదు. పదో రోజు మధ్యాహ్నం భోజనం చేసి వచ్చి దిద్దడానికి కూర్చున్నాను. విమల పుస్తకం చక్కగా ఉంది. బీపీ అయిదుసార్లూ నూట ఇరవై బై ఎనభై. మూత్రంలో ఏమీ లేదు. వాపు లేదు. నలభై రెండు మార్కులు వేసి, "బాగుంది" అని రాసి, సంతకం పెట్టాను.

ఆ తర్వాత సిరా ఆరాలని పుస్తకం తెరిచే ఉంచి, ఊరికే చివరి పేజీ చదివాను. అది ఆచారాల పేజీ. దానికి రెండు మార్కులే కాబట్టి ఎవరమూ చదివేవాళ్ళం కాదు. విమల ఇలా రాసింది:

"ఏడవ నెలలో తొడిగిన గాజులు బిగుసుకొనిపోగా, సబ్బు రాసిననూ రానందున పగులగొట్టి తీసినారు. అశుభమని అత్తగారు ఏడ్చినారు. తలనొప్పి తగ్గనందున దిష్టి తీసినారు. కండ్ల ముందు మిణుగురులు కనబడుచున్నవని చెప్పగా అమ్మవారికి మ్రొక్కుకొన్నారు. ఇవి మూఢనమ్మకములు. ఆరోగ్య విద్య ఇవ్వబడినది."

గాజులు బిగుసుకున్నాయంటే చేతులు వాచాయి. తలనొప్పి తగ్గడం లేదు. కళ్ళ ముందు మిణుగురులు. బీపీ పైకిపోయిన గర్భిణికి ఫిట్స్ రాబోయే ముందు కనిపించే గుర్తులన్నీ వరసగా, ముత్యాల్లాంటి అక్షరాలతో, మూఢనమ్మకాల కింద రాసి ఉన్నాయి. అవతలి పేజీలో వాపు లేదు, బీపీ బాగుంది అని ఉంది. ఆ రెండు పేజీలకూ కలిపి నా సంతకం ఉంది.

ఫిట్స్ వచ్చిన గర్భిణిని నేను చూశాను. ట్రైనింగులో ఉండగా నా కళ్ళ ముందే ఒకామె పోయింది. ఆ మంచం చప్పుడు ఇప్పటికీ చెవుల్లో ఉంది.

విమలను పిలిపించాను. తలుపు దగ్గరే నిలబడింది.

"రవణమ్మకు బీపీ నువ్వే చూసినావా?"

"చూసినాను మేడమ్."

"అయిదుసార్లూ?"

విమల చూపు బల్ల మీద తెరిచి ఉన్న పుస్తకం మీదికి పోయింది.

"విమలా, మార్కుల కోసం అడగడంలా. ఆ పిల్ల చేతులు వాచి ఉండినాయా?"

విమల కొంగు వేలికి చుట్టుకుంటూ, నేలను చూస్తూ చెప్పింది. "మిషన్ పలకలా మేడమ్. మొదటి దినమే గాలి కొట్టే రబ్బరు బల్బు చినిగిపోయింది, గాలి నిలవడంలా. మూత్రం కాచి చూసేదానికి స్పిరిట్ గూడా అయిపోయింది. అందరి బుక్కుల్లో ఉన్నట్టే రాసినాను."

"నాతో ఎందుకు చెప్పలా?"

"మార్తక్కను నిలబెట్టినారు గదా మేడమ్."

రవణమ్మకు అప్పటికి నెలలు నిండబోతున్నాయి. విమల ఆమెను చివరిసారి చూసి రెండు వారాలు దాటింది.

పెద్ద మేడమ్ గదిలో

ఆ ఊరికి ఫోను లేదు. అక్కడి సబ్‌సెంటరులో అప్పటికి ఎవరూ లేరు. పెద్ద మేడమ్ దగ్గరికి వెళ్ళి, పుస్తకం చూపించి, మంచి బీపీ మిషన్ ఇమ్మనీ వెళ్ళి చూసి వస్తాననీ అడిగాను. ఆమె ఆ పేజీ రెండుసార్లు చదివింది. ముఖం పాలిపోయింది. అయినా గొంతు మారలేదు.

"రేపు ఇన్‌స్పెక్షన్. నువ్వు పోయినాక ఏమీ లేదనుకో, నవ్వుతారు. ఏదన్నా ఉండాదనుకో, మన స్కూలు పిల్ల చూసి గూడా చెప్పలా అంటారు. ఆలోచించినావా?"

"ఆలోచించినాను మేడమ్. నాకూ భయంగానే ఉండాది."

ఆమె తన బీరువా తాళం తీసి, ఇన్‌స్పెక్షన్‌లో చూపించడానికి దాచిన కొత్త మిషన్ బయటికి తీసింది. "పో. ఆ పిల్లను గూడా తీసకపో, ఇల్లు తెలుసు గదా" అంది.

ఆమెను ఇప్పటికీ చాలామంది కఠినురాలంటారు. కఠినురాలే. కానీ ఆమె కూడా పైన ఎవరికో భయపడుతూనే ఉద్యోగం చేసింది. ఆ భయం ఆమె నుంచి నాకు, నా నుంచి పిల్లలకు, పిల్లల నుంచి పుస్తకాల్లోకి దిగింది. దాని బరువు మాత్రం రవణమ్మ మీద పడింది.

దుత్తలూరు వైపు, అక్కడి నుంచి అనంతసాగరం వైపు

ఉదయగిరి బస్సెక్కి దుత్తలూరులో దిగాం. మా నాయన ఉదయగిరిలో బడిపంతులు, నాకు ఆ దారి చిన్నప్పటినుంచీ అలవాటే. ఆ రోజు మాత్రం ప్రతి స్టాపూ అనవసరంగా పెట్టినట్టు అనిపించింది. ఎవరో మేకను ఎక్కించబోతే కండక్టరు ఒప్పుకోలేదు. ఆ వాదన తెగేదాకా బస్సు కదల్లేదు. విమల కిటికీ ఊచ పట్టుకుని కూర్చుంది. నేను మిషన్ పెట్టెను ఒళ్ళో పెట్టుకుని, లోపలి పాదరసం ఎక్కడ ఒలుకుతుందోనని రెండు చేతులా అదిమిపట్టుకున్నాను.

దుత్తలూరు నుంచి పల్లెకు నడిచాం. ఎండ మండుతోంది. ఇంటి ముందు రవణమ్మ అత్త కంది పప్పు చెరుగుతోంది. విమలను గుర్తుపట్టి నవ్వింది. ఆ నవ్వు చూసి నాకు ఒక్క క్షణం ఊపిరి వచ్చింది.

"రవణమ్మ ఏదమ్మా?"

"పుట్టింటోళ్ళు వచ్చి తీసకపోయినారు గదా. మూడు దినాలయింది. అనంతసాగరం పక్కన వాళ్ళ ఊరు."

"ఎట్టా ఉండింది పోయేటప్పుడు?"

"మొగం గూడా ఉబ్బిపోయింది సిస్టరమ్మా. నీరు పట్టింది, పుట్టింటి చేతి తిండి తింటే తగ్గతాదిలే అన్నాము." ఆమె చేట కింద పెట్టింది. మా ముఖాల్లో ఏదో చూసినట్టుంది. "ఏందమ్మా? ఏమైంది?"

దుత్తలూరు నుంచి అనంతసాగరం పోవాలంటే ఆత్మకూరులో బస్సు మారాలి. అంటే మూడు రోజుల కిందట రవణమ్మ ఉబ్బిన ముఖంతో, పగిలే తలతో మా ఆత్మకూరు బస్టాండులోనే కూర్చుంది. మా స్కూలు అక్కడికి అయిదు నిమిషాల నడక. ఆమె పుస్తకం నా బల్ల మీద ఉంది.

తిరుగు బస్సుకు చాలాసేపు పడుతుందన్నారు. రోడ్డు మీద నిలబడి చెయ్యెత్తితే పొగాకు బేళ్ళ లారీ ఒకటి ఆగింది. డ్రైవరు మా తెల్లచీరలు చూసి ఏమీ అడగకుండా ముందు సీటులో చోటిచ్చాడు. ఆ లారీలోనే విమల మొదటిసారి తనంతట తాను మాట్లాడింది.

"ఆయమ్మకు ఏమన్నా అయితే నన్ను జైల్లో పెడతారా మేడమ్?"

"నిన్ను పెట్టరు" అన్నాను. మిగతా మాట నేనే మింగాను.

ఆత్మకూరులో ఆటో మాట్లాడుకుని, అతన్ని తిరుగు ప్రయాణానికి కూడా ఉండమని చెప్పి, అనంతసాగరం పక్క ఊరికి చేరేసరికి పొద్దు వాలుతోంది. నడవలో నులకమంచం మీద రవణమ్మ పడుకుని ఉంది. ఆమె అవ్వ కాళ్ళ దగ్గర కూర్చుని ఆముదం రుద్దుతోంది. బతికే ఉంది.

ఆమె చేతికి పట్టీ చుట్టాను. గాలి కొడుతుంటే పాదరసం పైకి పోతోంది, నూట అరవై, నూట ఎనభై, ఇంకా పైకి. చెవిలో కొట్టుకునే చప్పుడు ఎక్కడ మొదలైందో విని, తప్పు విన్నానేమోనని మళ్ళీ చూశాను. అదే అంకె. కాలి మీద వేలు పెట్టి నొక్కితే పడిన గుంట పూడలేదు.

"తల ఎట్టా ఉండాది రవణమ్మా?"

"పగలతా ఉండాది సిస్టర్. మీరు ఇద్దరిద్దరు కనబడతా ఉండారు."

వాళ్ళ నాయన గుమ్మంలో నిలబడి, "పొద్దున పోదాంలేమ్మా, ఇప్పుడెందుకు? నొప్పులు గూడా రాలా" అన్నాడు. నేను జీవితంలో ఎవరిమీదా అరవలేదు. ఆ పెద్దాయన మీద అరిచాను. "పొద్దునదాకా ఉండదు నాయనా!" ఆయన మారుమాట లేకుండా కూతుర్ని రెండు చేతులా ఎత్తి ఆటోలో పెట్టాడు.

ఆత్మకూరు ఇంకా రెండు మైళ్ళుందనగా రవణమ్మ కళ్ళు ఒక పక్కకు తిరిగాయి. ఆ తర్వాత ఒళ్ళంతా బిగుసుకుంది. నేను, అవ్వ, విమల ముగ్గురం కలిసి పట్టుకున్నాం. ఎడమ పక్కకు తిప్పి, నోట్లో నురగ కొంగుతో తుడుస్తూ, నాలుక వెనక్కి పోకుండా దవడ పట్టుకున్నాను. విమల చెయ్యి రవణమ్మ తల కింద ఉంది. ఆటో కడ్డీకి కొట్టుకుని ఆ చెయ్యి చీరుకుపోయి రక్తం కారుతున్నా తియ్యలేదు. అవ్వ, "మే రవణా, మే రవణా" అని పిలుస్తూనే ఉంది. కాసేపటికి ఆ పిల్ల ఒళ్ళు సడలిపోయింది. ఊపిరి ఉందో లేదో నాకు తెలియలేదు. ముక్కు దగ్గర వేలు పెట్టి చూశాను. చివరికి వెచ్చగా తగిలింది.

ఆస్పత్రిలో డాక్టరమ్మ ఇంటికి బయల్దేరబోతూ మమ్మల్ని చూసి వెనక్కి తిరిగింది. ఇంజెక్షన్లు ఇచ్చి, వెలుతురుకు మళ్ళీ ఫిట్స్ రాకుండా కిటికీలకు దుప్పట్లు కట్టించి, గదిలో ఎవరినీ మాట్లాడనివ్వలేదు. తెల్లారేసరికి బిడ్డ పుట్టింది. ఆడపిల్ల, పిడికెడంత ఉంది, ఏడ్చింది. రవణమ్మకు రెండోరోజు స్పృహ వచ్చింది.

అవ్వ అడిగిన మాట

బిడ్డ పుట్టిన పొద్దున ఆస్పత్రి వరండాలో రవణమ్మ నాయన నాకు చేతులెత్తి దణ్ణం పెట్టాడు. "మిమ్మల్ని దేవుడే పంపించినాడు తల్లీ" అన్నాడు. అవ్వ నా గడ్డం పట్టుకుని, "నీకెట్టా తెలిసింది బిడ్డా?" అంది.

ఆ దణ్ణం అందుకుని ఊరుకోవచ్చు. కానీ ముందు రోజు భయం ఇంకా ఒంట్లోనే ఉంది. అబద్ధం ఆడే ఓపిక లేదు. ఉన్నదంతా చెప్పాను. పుస్తకం సంగతి, అది తొమ్మిది రోజులు చదవకుండా పెట్టుకోవడం, తప్పు అంకెల కింద సంతకం పెట్టడం, మిషన్ పాడైందని చెప్పడానికి పిల్లలు భయపడేట్టు నేనే చేయడం, అన్నీ.

పెద్దాయన తల వంచుకున్నాడు. అవ్వ నా గడ్డం మీంచి చెయ్యి తీసేసింది. తర్వాత అడిగింది:

"అట్టాంటి పుస్తకాలు ఇంకెన్ని ఉండాయి నీ దగ్గర?"

చెబితే నమ్మరు, ఆ క్షణం దాకా నాకు ఆ ఆలోచన లేదు. ఒక ప్రాణం దక్కిందన్న నిశ్చింతలో ఉన్నాను.

బల్ల మీద మిషన్లు

ఆ పొద్దున్నే స్కూలుకు వెళ్ళి పిల్లలందరినీ హాలులో కూర్చోబెట్టాను. "పాడైన మిషన్లు ఎవరెవరి దగ్గర ఉండాయో తెచ్చి ఈ బల్ల మీద పెట్టండి. ఎవర్నీ ఏమీ అనను" అన్నాను. ఒక్కరూ కదల్లేదు. ఇరవై రెండు మంది నన్ను చూడకుండా గోడను చూస్తున్నారు. నన్ను చూసి పిల్లలు అంత భయపడతారని నాకు అప్పుడే తెలిసింది.

చేతికి కట్టుతో విమల లేచింది. తన మిషన్ తెచ్చి బల్ల మీద పెట్టింది. "రవణమ్మకు ఫిట్స్ వచ్చినాయి. నేను రాసింది అబద్ధం" అని మాత్రం చెప్పి కూర్చుంది. ఆ తర్వాత ఒక్కొక్కరే లేచారు. చినిగిన బల్బులు, పగిలిన గొట్టాలు, పాదరసం ఖాళీ అయినవి. తొమ్మిది మిషన్లు. పెద్ద మేడమ్ గుమ్మంలో నిలబడి వాటిని లెక్కపెట్టింది. ఇన్‌స్పెక్షన్ వాళ్ళు పది గంటలకు వచ్చారు. ఆమె ఆ తొమ్మిదింటినీ బల్ల మీంచి తీయించలేదు. వాళ్ళు ఏమన్నారో నాకు తెలియదు. అప్పటికే మేము బస్టాండులో ఉన్నాం.

మంచి మిషన్లు తీసుకుని, జట్లుగా విడిపోయి, ఆ ఇళ్ళన్నిటికీ వెళ్ళాం. మూడు రోజులు పట్టింది. ప్రతి ఇంటి ముందూ ఆగేదాన్ని. లోపలి నుంచి ఏడుపు వినిపిస్తుందేమోనని చెవులు రిక్కించి, వినిపించకపోతే తలుపు తట్టేదాన్ని. ఇద్దరికి బీపీ ఎక్కువగా ఉంటే ఆస్పత్రికి పంపించాం, వాళ్ళు క్షేమంగా కన్నారు. చాలా ఇళ్ళలో ఏమీ లేదు. ఆడవాళ్ళు చేతులు తుడుచుకుంటూ బయటికి వచ్చి, ఇంతమంది ఎందుకొచ్చారో తెలియక నవ్వేవాళ్ళు.

ఆ తర్వాత నేను దిద్దే పద్ధతి మారింది. మేనకోడలా, నీకు చెప్పదలుచుకున్నవి ఇవే. ముందు చివరి పేజీ చదువు. పిల్లలు లెక్కలోకి రాదనుకున్న చోటే నిజం రాస్తారు. కొట్టివేతలున్న పుస్తకానికి భయపడకు, కొట్టివేత లేనిదాన్ని చూసి భయపడు. అంకెలు కదలకపోతే ఆ అమ్మాయిని పిలిచి, పుస్తకం మూసేసి, ఆ ఇంటావిడ గురించి నోటితో చెప్పమను. నిజంగా వెళ్ళి చూసిన పిల్ల ఆమె పొయ్యి ఎక్కడ ఉందో, ఏ చెయ్యి నొప్పంటుందో చెబుతుంది. మిషన్ పగిలిందని చెప్పిన పిల్లకు ముందు మంచినీళ్ళివ్వు. పుస్తకాలు వచ్చిన రోజే చదువు. మార్కులు తర్వాత వెయ్యొచ్చు.

ఇక్కడితో ఆపేస్తే నాకు బాగుంటుంది. వినేవాళ్ళకూ బాగుంటుంది. మా స్కూల్లో చాలామందికి తెలిసిన కథ ఇంతే. కానీ మూడో రోజు ఒక ఇల్లు మిగిలింది.

కొండాపురం పక్క ఊరు

ఆ పుస్తకం ప్రమీల అనే అమ్మాయిది. విమలదానికంటే ముందే దిద్ది, నలభై ఆరు మార్కులు వేశాను; అందులోనూ బీపీ అయిదుసార్లూ అదే అంకె. ఆమె కేసు కాంతమ్మ, రెండో కాన్పు. నేను, ప్రమీల కొండాపురంలో దిగి నడిచి వెళ్ళాం. ఇంట్లో ఏడుపేమీ లేదు. కాంతమ్మ గడప మీద కూర్చుని రెండేళ్ళ కొడుక్కి అన్నం పెడుతోంది. కడుపు లేదు. రొమ్ములకు అడ్డంగా పాత పంచె బిగించి కట్టి ఉంది. పాలు పడకుండా అలా కడతారు. నాకు అర్థమైంది. ప్రమీలకు కూడా.

అయిదు రోజుల కిందట పుట్టిందట. పుట్టేటప్పటికే ప్రాణం లేదట.

కాంతమ్మ మాకు చాప వేసి, చెంబుతో నీళ్ళిచ్చింది. ప్రమీల చెయ్యి పట్టుకుంది.

"నువ్వు చెప్పినట్టే ఆకుకూరలు తిన్నాను పాపా. పగలు పడుకున్నాను. అయిదుసార్లు వచ్చినావు, ప్రతిసారీ బాగుండాది, బాగుండాది అంటివి గదా. మరి ఎందుకిట్టా అయింది?"

ప్రమీల నా వైపు చూసింది. నేను మిషన్ తెరిచి కాంతమ్మ చేతికి పట్టీ చుట్టాను. కాన్పు అయి అయిదు రోజులైనా బీపీ ఇంకా పైనే ఉంది. వెంటనే ఆస్పత్రికి పోవాలని చెప్పాను. ఆమె భర్త బండి కట్టడానికి వెళ్ళాడు. కాంతమ్మ తర్వాత కోలుకుంది. బీపీ ముందే తెలిసి ఉంటే బిడ్డ దక్కేదా అంటే ఎవరూ కచ్చితంగా చెప్పలేరు. దక్కేదని మాత్రం నాకు అనిపిస్తుంది.

బండి వచ్చేలోగా ఆమె మళ్ళీ అడిగింది, ఈసారి నన్ను. "మీరు పెద్దోళ్ళు గదా సిస్టరమ్మా. నేనేమన్నా తప్పు చేసినానా? మా అత్త, బరువు మోసినావు అంటా ఉండాది."

ఆత్మకూరు వరండాలో, బిడ్డ బతికిన ఇంటివాళ్ళ ముందు, నేను అంతా చెప్పగలిగాను. ఇక్కడ చెప్పలేకపోయాను. చెబితే ఆ ఊరు ఏం చేస్తుందో, ప్రమీలను ఏం చేస్తారో, నన్ను ఏం చేస్తారోనని ఒక్కసారిగా భయం కమ్మేసింది. ప్రమీల నోరు తెరవబోయింది. నేను ఆ పిల్ల మోకాలి మీద చెయ్యి వేసి నొక్కాను.

"నీ తప్పేమీ లేదమ్మా. ఒక్కోసారి ఇట్టా అవుతాది. దేవుడి ఇష్టం" అన్నాను.

కాంతమ్మ తల ఊపింది. నేను చెంబులో నీళ్ళు తాగాను.

ఆమెను ఆస్పత్రిలో చేర్పించి, ఆత్మకూరు బస్సెక్కాం. బస్సులో మనుషుల్లేరు, సీట్లన్నీ ఖాళీగా ఉన్నాయి. నేను ముందు సీటులో కిటికీ పక్కన కూర్చుని, జరిగి చోటిచ్చాను. ప్రమీల నన్ను దాటుకుని వెళ్ళి చిట్టచివరి సీటులో కూర్చుంది.